నోటరీ ముద్రకు లేని మహిమ

మన జిల్లా కోర్టుల ప్రహరీగోడల వెంబడిని, సబ్‌రిజిస్ట్రారు కచేరీల ముంగిటను, తహశీల్దారు కార్యాలయముల యెదుటి వేపచెట్ల నీడను, ఒక బల్లయు రెండు కుర్చీలును వేసికొని, సిరామెత్తయు గుండ్రని ముద్రయు చేరువనుంచుకొని కూర్చుండు నోటరీ వకీలును చూడని తెలుగువాడు అరుదు. ఆ బల్లయొద్దనుండి మరలివచ్చువానిని ఆపి యడుగుడు: "కాగితము వ్రాయించి నోటరీ చేయించినాము, ఇక ఎవడు వచ్చినను చేయగలిగినదేమియు లేదు" అని నిశ్చింతగా చెప్పును. నూఱు గజముల స్థలము కొన్నవాడును, చేబదులిచ్చినవాడును, అన్నదమ్ములతో ఇల్లు పంచుకొన్నవాడును, తుదకు భార్యతో కాపురము చాలించుకొనదలచినవాడును ఈ యొక్కమాటనే పలుకుదురు. స్టాంపు వెండరువద్ద కొన్న నూఱు రూపాయల కాగితముపై షరతులు టైపు చేయించి, ఇద్దఱు సాక్షులచేత సంతకములు పెట్టించి, దానిపై నోటరీ ముద్ర వేయించినచో ఆ పత్రమునకు సర్కారు బలము వచ్చుననియు, రిజిస్ట్రేషను కలవారికిని నోటరీ లేనివారికిని ఏర్పడిన రెండు సమానమార్గములనియు మనలో బహుళముగా వ్యాపించియున్న విశ్వాసము. చదువురానివారు మాత్రమే యిట్లు నమ్మినచో అజ్ఞానమని సరిపెట్టుకొనవచ్చును. కాని పట్టభద్రులును, ఉద్యోగులును, భూముల బేరములే వృత్తిగా గల మధ్యవర్తులును ఇదియే నమ్ముచు, ఇతరులకును ఇదియే నూఱిపోయుచున్నారు. ఈ విశ్వాసము ఆమూలాగ్రము తప్పు. అంతమాత్రమే యైన ఊరకుండవచ్చును గాని, ఇది యెన్నో కుటుంబముల జీవితార్జితమును నీళ్లపాలు చేయుచున్నది గనుక ఖండింపక తప్పదు.

నోటరీ యెవడో, అతని యధికారమెంతటిదో ముందుగా చూతము. స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశములో కొందఱు నోటరీలు ఇంగ్లండులోని కాంటర్‌బరీ ఆర్చిబిషపు న్యాయస్థానపు అనుమతితోను, కొందఱు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము క్రింద ప్రభుత్వ నియామకముచేతను పనిచేయుచుండిరి. స్వతంత్ర భారతము 1952 లో నోటరీల చట్టమును, 1956 లో దాని నియమావళిని చేసికొన్నది. సాధారణముగా పదియేండ్లును, స్త్రీలును వెనుకబడిన తరగతులవారును షెడ్యూల్డు కులముల తెగలవారును అయినచో ఏడేండ్లును న్యాయవాదులుగా పనిచేసినవారు ఈ పదవికి అర్హులు. వారిని కేంద్రప్రభుత్వము గాని రాష్ట్రప్రభుత్వము గాని నియమించును. అయిదేండ్లకొకమారు అనుమతిపత్రమును పునరుద్ధరించుకొనవలయును. ఇక చేయదగిన పనులు చట్టములోని 8వ సెక్షనునందు వరుసగా చెప్పబడినవి: ఒక పత్రమును ఫలానావాడు వ్రాసియిచ్చెనన్న సంగతిని ధ్రువీకరించుట, ప్రమాణము చేయించి అఫిడవిట్టు పుచ్చుకొనుట, సొమ్ము చెల్లక తిరిగివచ్చిన హుండీలను ప్రామిసరీ నోట్లను గూర్చి నమోదుచేయుట, అనువాదములను సరిచూచి ధ్రువపఱచుట మున్నగునవి. ఆ సెక్షనును ఎన్నిమాఱులు చదివినను ఆస్తిని ఒకరినుండి యింకొకరికి బదలాయించు అధికారము గాని, చెల్లని యొప్పందమును చెల్లునట్లు చేయు అధికారము గాని అందు కానరాదు.

కనుక నోటరీ ముద్ర చెప్పునది యొక్కటే: ఈ దినమున, ఈ స్థలమున, ఈ మనుష్యుడు నా యెదుటికి వచ్చి, తాను ఫలానావాడనని రుజువు చూపి, నేను చూచుచుండగా ఈ కాగితముపై సంతకము చేసెను, లేక ఇందలి సంగతులు నిజమని ప్రమాణము చేసెను. ఆ సంగతులు నిజముగా నిజమో కాదో ముద్ర చెప్పదు. అమ్మువానికి ఆ స్థలముపై హక్కున్నదో లేదో చెప్పదు. ఒకడు చార్మినారును తనదని వ్రాసి సంతకము చేసినను, నోటరీ ధ్రువీకరించునది ఆ సంతకమునే గాని ఆ స్వామ్యమును గాదు. ఇంత స్పష్టమైన భేదమును మఱచుటయే ఈ యనర్థమున కంతటికిని మూలము.

భూముల విషయమునకు వత్తము. నష్టమధికముగా జరుగుచున్నది అచ్చటనే. నూఱు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను విధించుచున్నది. అట్టి దస్తావేజు రిజిస్టరు కావలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 17వ సెక్షను చెప్పుచుండగా, కాకున్నచో అది ఆ యాస్తిపై ఎట్టి ప్రభావమును చూపజాలదని 49వ సెక్షను తేల్చివేయుచున్నది. ఈనాడు నూఱు రూపాయలకు లోబడిన స్థిరాస్తి యెచ్చటనున్నది? విక్రయ అగ్రిమెంటు, జనరల్ పవరాఫ్ అటార్నీ, వీలునామా అను మూడు కాగితములను ముడివేసి అమ్మకమును నడుపు దేశవ్యాప్తమైన ఆచారమును సుప్రీంకోర్టు 2011 లో సూరజ్ ల్యాంప్ కేసునందు పరిశీలించి, ఈ కాగితములవలన స్వామ్యము సంక్రమింపదని స్పష్టముగా తీర్పుచెప్పినది. ఆ తీర్పు వెలువడి దశాబ్దము దాటినను మన పట్టణముల శివారు కాలనీలలో నోటరీ మీదనే ప్లాట్లు చేతులు మాఱుచున్నవి.

అట్టి కొనుగోలుదారు నొకనిని దగ్గఱగా చూతము. హైదరాబాదు శివారున అరువది గజములు కొన్న యొక కూలీ యనుకొనుడు. సంఘమునుండి చీటీ పాడి, ఆలి మెడలోని పుస్తెలత్రాడు కుదువబెట్టి, సొమ్ము లెక్కబెట్టి యిచ్చి, అగ్రిమెంటు వ్రాయించుకొని నోటరీ చేయించుకొనును. ఆ కాగితమును పాలిథీను సంచిలో చుట్టి బీరువా యడుగున దాచును. అదే వారములో అమ్మినవాడు అదే స్థలమును మఱి నలుగురికి, నాలుగు వేర్వేఱు నోటరీ బల్లలయొద్ద అమ్మినచో ఆ నలుగురికి గాని ఆ నోటరీలకు గాని తెలియు మార్గమేమి? ఏదియు లేదు. నోటరీ రిజిస్టరు ఆ నోటరీది. అందు తేదీ వరుసనేగాని ఆస్తి వరుసను వెదకుట కెట్టి యేర్పాటును లేదు. ఒక నోటరీ పుస్తకమునకు మఱియొక నోటరీ పుస్తకముతో సంబంధము లేదు. సబ్‌రిజిస్ట్రారు కచేరీలోనో, ప్రతి స్థిరాస్తి దస్తావేజును 1వ పుస్తకములోని కెక్కించి, వ్యక్తుల పేర్లతో ఒక సూచికయు ఆస్తి వివరములతో వేఱొక సూచికయు ఉంచవలెనని చట్టమే శాసించినది. రుసుము చెల్లించిన యే పౌరుడైనను వానిని చూడవచ్చును. ఈసీ యని మనము పిలుచు ఋణభార పత్రము పుట్టునది ఆ సూచికలనుండియే. నోటరీ పత్రము ఈసీలోని కెక్కదు. ఎక్కని పత్రమును లోకము చూడదు. లోకము చూడని హక్కును లోకముపై చెల్లించుకొనుట యెట్లు?

ఇచ్చట ప్రతిపక్షులు మూడు సమాధానములు చెప్పుదురు. మూడింటిలోను కొంత సత్యమున్నది గనుక ఒక్కొక్కటిగా విచారింపవలయును.

"నోటరీ అగ్రిమెంటును కోర్టులు సాక్ష్యముగా పుచ్చుకొనుచునేయున్నవి గదా" యనునది మొదటిది. నిజమే. రిజిస్టరు కాని పత్రమునుగూడ, ఒప్పందమును నెఱవేర్పింపుమని వేసిన దావాలో ఆ యొప్పందమునకు రుజువుగా స్వీకరింపవచ్చునని 49వ సెక్షను మినహాయింపులోనే యున్నది. కాని యిచ్చట మన మిత్రులు గమనింపనిది, ఆ దావా వేయవలసి వచ్చుటయే స్వామ్యము రాలేదనుటకు నిదర్శనమన్న సంగతి. స్వామ్యము వచ్చినవాడు స్వామ్యము నిప్పింపుమని కోర్టు కెక్కడు. పైగా ఆ దావాకు మూడేండ్ల గడువు. ఒప్పందములోని తేదీ దాటి, ఆ మూడేండ్లును గడచెనా, ఆ దారియు మూసికొనిపోవును. స్వాధీనము చేసికొని కూర్చున్నాను, నన్నెవడు కదల్పగలడనుకొన్నవానికి ఆస్తి బదలాయింపు చట్టములోని 53-ఏ సెక్షను ఒకప్పుడు కొంత రక్షణ నిచ్చుచుండెను. 2001 నాటి సవరణముతో ఆ రక్షణగూడ రిజిస్టరైన అగ్రిమెంట్లకే పరిమితమైనది. ఇక సుంకపు మాట: స్వాధీనము ఒప్పగించిన విక్రయ అగ్రిమెంటు మన రెండు తెలుగు రాష్ట్రములలోను విక్రయముతో సమానముగ భావింపబడి పూర్తి స్టాంపు సుంకమునకు గుఱియగును. నూఱు రూపాయల కాగితమును కోర్టులో దాఖలుచేసిన నాడు న్యాయమూర్తి దానిని నిలిపివేసి, తక్కువబడిన సుంకమును, దానికి పదిరెట్ల వఱకు జుల్మానాను చెల్లింపుమనవచ్చును. సుంకమును తప్పించుకొనుటకని నోటరీని ఆశ్రయించినవాడు చివఱకు సుంకమును, దానిపై దండుగను, ఆపై వకీలు ఫీజును చెల్లించి, అప్పటికిని హక్కు లేనివాడుగనే మిగులును.

రెండవది, "సబ్‌రిజిస్ట్రారుమాత్రము అమ్మువాని హక్కును విచారించునా" యన్నది. విచారింపడు, ఈ మాట ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. మన రిజిస్ట్రేషను పద్ధతి దస్తావేజును నమోదుచేయునదే గాని స్వామ్యమునకు పూచీపడునది కాదు. దొంగ రిజిస్ట్రేషన్లును జరుగుచునేయున్నవి. అయినను అచ్చట ఇరుపక్షముల ఛాయాచిత్రములును వ్రేలిముద్రలును తీసికొందురు. నమోదు శాశ్వతముగా ప్రభుత్వము చేతిలో నుండును. మోసము జరిగినచో దానిని పట్టుకొనుటకు దారి యున్నది. లోపములు గల వ్యవస్థకును, వ్యవస్థయే లేకపోవుటకును గల యంతరము చిన్నది కాదు.

మూడవ సమాధానమే నన్ను బాధించునది. "బీదవాడు రిజిస్ట్రేషను ఖర్చు భరింపలేడు, వానికి నోటరీయే గతి." మన రెండు రాష్ట్రములలోను స్టాంపు సుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి విలువలో సుమారు ఏడున్నర శాతమగుచున్నది, చెమటోడ్చి అరువది గజములు కొన్నవానికి అది బరువే. తెలంగాణ పల్లెలలో తెల్లకాగితముపై జరిగిన భూముల కొనుగోళ్లను సాదాబైనామాలందురు; చిన్నచిన్న రైతులు పరస్పర విశ్వాసముతో అట్లు కొన్న భూములను క్రమబద్ధము చేయుటకు 1971 నాటి హక్కుల రికార్డు చట్టములో 5-ఏ సెక్షనును ప్రత్యేకముగా చేర్పవలసివచ్చినది. 2023 లో తెలంగాణ ప్రభుత్వము పట్టణములలో నోటరీ పత్రములపై కొన్న వ్యవసాయేతర స్థలముల కొఱకును క్రమబద్ధీకరణపు టుత్తర్వు నొకదానిని వెలువరించినది. వీనిని చూపి "చూడుడు, సర్కారే నోటరీని ఒప్పుకొన్నది" అని మధ్యవర్తులు ప్రచారము చేయుదురు. దీనికంటె వక్రమైన వాదము వేఱొకటి లేదు. హక్కు అదివఱకే సంక్రమించియున్నచో క్రమబద్ధము చేయవలసినదేమి? ఆ చట్టములును ఉత్తర్వులును చాటుచున్నది ఆ కాగితములు చాలవనియే. బీదవానిపై నిజముగా దయగలవారు చిన్న స్థలముల సుంకమును తగ్గింపుమని ప్రభుత్వమును నిలదీయవలయును గాని, వానిచేత చెల్లని కాగితమును కొనిపించి అదే వాని భాగ్యమని చెప్పరాదు. ఏనాడో వచ్చు క్రమబద్ధీకరణమును నమ్మి నేడు సొమ్ము పోయుమనుట దయ కాదు.

కాపురముల విషయము దీనికంటెను దారుణము. హిందూ దంపతులు, ఆచారసిద్ధముగా విడాకులు గల కొన్ని సమాజములను మినహాయించినచో, కోర్టు డిక్రీ లేనిదే విడిపోజాలరు. అన్యోన్యసమ్మతితో విడిపోవువారికిని 1955 నాటి వివాహ చట్టము కోర్టు ద్వారమునే చూపినది. అయినను కుల పెద్దలు కూర్చుండి, నూఱు రూపాయల కాగితముపై "నేటినుండి మనకు సంబంధము లేదు" అని వ్రాయించి నోటరీ చేయించుటయు, ఆ స్త్రీ దానిని నమ్మి మఱియొక వివాహము చేసికొనుటయు జరుగుచున్నవి. ఆ రెండవ వివాహము చెల్లదు. రెండవ భర్త మరణించిన నాడు పింఛను కొఱకు కార్యాలయమునకు పోయినపుడుగాని ఆమెకా సంగతి తెలియదు. నోటరీలు వివాహ విడాకుల పత్రములను నడుపరాదని కేంద్ర న్యాయవ్యవహారముల శాఖయే 2024 అక్టోబరులో హెచ్చరించినది. అట్టి హెచ్చరిక వెలువడవలసివచ్చుటయే ఈ దురాచార మెంతగా పాతుకొన్నదో తెలుపుచున్నది.

వీలునామాను గూర్చి ఒక్క మాట. 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము దానికి కావలసినది వ్రాసినవాని సంతకమును, కనీసము ఇద్దఱు సాక్షుల ధ్రువీకరణమును మాత్రమే. నోటరీ అక్కఱలేదు, రిజిస్ట్రేషనును విధి గాదు. ఒకే సాక్షితో వ్రాయించి నోటరీ ముద్రయున్నదిగదా యని ధైర్యపడినవాని వీలునామా నిలువదు.

ఇంతవఱకు ముద్రకు లేని మహిమను గుఱించి చెప్పితిని. దానికి ఉన్న విలువను మనమెట్లు మంటగలుపుచున్నామో చెప్పనిచో నా వాదము సగమే యగును. నోటరీ ముద్ర చెప్పునది "ఈ మనుష్యుడు నా యెదుట సంతకము చేసెను" అను ఒక్క సంగతియే యైనపుడు, ఆ మనుష్యుడు ఎదుట లేనిచో ముద్రకు మిగులున దేమి? కాని కోర్టు ఆవరణములలో ప్రతిదినము జరుగునది చూడుడు. ఒక కుఱ్ఱవాడు మడచిన కాగితముల కట్ట తెచ్చి బల్లపై పెట్టును. సంతకములు ఇంటియొద్దనే యయిపోయినవి. సంతకము చేసినవారు ఊరిలో ఉన్నారో, అసలు బ్రదికియున్నారో ఎవరును అడుగరు. గుమాస్తా నోటరీ స్టాంపు అంటించి ముద్ర వేయును. సొమ్ము చేతులు మాఱును. రెండు నిమిషములలో పని ముగియును. నియమావళి ప్రకారము నోటరీ తన రిజిస్టరులో తేదీని, పత్రపు స్వభావమును, వ్రాసియిచ్చినవాని పేరును చిరునామాను, పుచ్చుకొన్న రుసుమును వ్రాసి, ఆ వరుసలో ఆ మనుష్యునిచేత సంతకము చేయింపవలయును. రుసుముల పట్టికను గది లోపలను వెలుపలను అందఱికిని కనబడునట్లు వ్రేలాడదీయవలయును. పుచ్చుకొన్న సొమ్మునకు రసీదు నీయవలయును. రసీదు అడిగినవానిని వింతగా చూచు స్థితికి మనము దిగజాఱితిమి.

తమాషా యేమియు లేదిందులో, విషాదమే యున్నది. నోటరీ ముద్రను సర్వశక్తిమంతమని నమ్మువాడును, అదొక తంతు మాత్రమేయని కుఱ్ఱవానిచేత కాగితము పంపించువాడును వేర్వేఱు మనుష్యులు కారు, ఇద్దఱును ఒక్కడే. తాను పోకుండ, చదువకుండ, ప్రమాణము చేయకుండ సంపాదించిన ముద్రపై తన యిల్లు నిలుచునని యాతడు నమ్ముచున్నాడు. ముద్రను మంత్రముగా భావించినవాడు తాను సాక్షాత్తుగా హాజరు కావలసిన పనిలేదనుకొనుట సహజమే. ఈ రెండు భ్రాంతులకును వేరు ఒక్కటే.

హాజరునకు చట్టమిచ్చిన గౌరవము నోటరీ యెదుట వ్రాసియిచ్చిన ముక్త్యారు పత్రములయందు కానవచ్చును. నోటరీ యెదుట వ్రాయబడి, ఆయనచే ధ్రువీకరింపబడిన పవరాఫ్ అటార్నీ సక్రమముగనే వ్రాయబడినదని కోర్టు ఊహింపవలెనని 1872 నాటి సాక్ష్య చట్టము 85వ సెక్షనులో నుండినది. 2024 జులైనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమును నిలుపుకొన్నది. ఇంత బలమైన యూహ నిచ్చుటకు కారణము ఆ యధికారి కన్నులార చూచెనన్న నమ్మకమే. చూడకయే ముద్ర వేసిన నోటరీ ఆ నమ్మకమును అమ్ముకొనుచున్నాడు.

ఇందులోను ఒక చిక్కు నోటరీ సర్వత్ర చాలునను భ్రాంతినుండి వచ్చుచున్నది. తనకు బదులుగా మఱియొకడు దస్తావేజును రిజిస్ట్రేషనునకు దాఖలు చేయుటకై యిచ్చు ముక్త్యారు, ఇచ్చువాడు మన దేశములోనే నివసించుచున్నచో, రిజిస్ట్రారు లేక సబ్‌రిజిస్ట్రారు ఎదుటనే వ్రాయబడవలయును; నోటరీ చాలదు. విదేశములలో నున్నవారికి మాత్రము అచ్చటి నోటరీ యెదుట గాని భారత కాన్సలు కార్యాలయములో గాని చేయించుకొను వెసులుబాటు రిజిస్ట్రేషను చట్టము 33వ సెక్షనులో నున్నది. డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు స్వగ్రామములోని ఇల్లు అమ్ముటకై తలిదండ్రులకో తమ్ములకో పంపు ముక్త్యారు ఈ విధమైనదే. అమెరికాలో నోటరీ న్యాయవాదియై యుండనక్కఱలేదు, బ్యాంకు గుమాస్తాయైనను కావచ్చును. అయినను సంతకము చేసినవాడెవడో రుజువు కానిదే, అతడు తన యెదుట హాజరు కానిదే ముద్ర వేయకుండుట అచ్చటి సాధారణ నియమము. అట్లు వచ్చిన పత్రమునకు మన దేశము చేరిన మూడు నెలలలోగా స్టాంపు సుంకము చెల్లింపవలెనను సంగతి తెలియక ఎందఱో తలిదండ్రులు కచేరీల చుట్టు తిరుగుచున్నారు.

ప్రభుత్వ కార్యాలయములకును ఈ పాపములో వాటా యున్నది. స్వయంధ్రువీకరణము చాలునని కేంద్రప్రభుత్వము 2013 నుండియు చెప్పుచున్నను, ప్రతి చిన్న దరఖాస్తునకును "నోటరీ అఫిడవిట్టు పట్టుకొని రా" అనుచు విద్యార్థులను, వృద్ధులను బల్లలయొద్దకు తఱుముచున్నారు. ప్రమాణమునకు ఎవరును విలువనీయని చోట ప్రమాణము చేయించుటవలన, ముద్ర అనగా గుమాస్తా కోరిన యొక కాగితమను భావమే జనములో స్థిరపడినది. అబద్ధపు అఫిడవిట్టు శిక్షార్హమైన నేరమని సంతకము చేసినవానికి తెలియదు, చేయించినవాడు చెప్పడు.

కావున ఇల్లుగాని స్థలముగాని కొనదలచిన గృహస్థులారా, సొమ్ము చేతులు మాఱకముందే ఆ యాస్తికి ఈసీ తీయింపుడు. విక్రయమును సబ్‌రిజిస్ట్రారు ఎదుటనే ముగింపుడు. ఇప్పటికే నోటరీ కాగితముపై కొనియున్నచో అమ్మినవాడు బ్రదికియుండగానే, మూడేండ్ల గడువు దాటకమునుపే, రిజిస్టరు చేయించుకొనుడు. అఫిడవిట్టు గాని ముక్త్యారు గాని నోటరీ చేయింపవలసివచ్చినపుడు మీరే స్వయముగా పోయి, కాగితమును చదివి, నోటరీ కన్నుల యెదుట సంతకము చేసి, ఆయన రిజిస్టరులోని మీ వరుసలోను సంతకము చేసి, రసీదు అడిగి తీసికొనుడు. నోటరీ పదవిలోనున్న న్యాయవాదులకును ఇదియే నా విన్నపము: మనిషి ఎదుట నిలువని కాగితముపై ముద్ర వేయకుడు, స్థలమును అమ్ముచు వ్రాసిన పత్రము మీ బల్లపైకి వచ్చినపుడు, దీనివలన మీకు హక్కు రాదని ఆ కొనువానితో తెలుగులో స్పష్టముగా చెప్పుడు.